తవుడు పోసి కొన్నమ్మ

కుక్కుటేశ్వరుడి దర్శనం చేసుకుని ఇంటికి వచ్చాను. అరచేతిలో తీర్థం తడి ఇంకా ఆరలేదు. పోస్టుమాస్టరు గారు తామే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. చేతిలో తంతి ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, "మీ అమ్మగారు కాలం చేశారటమ్మా" అన్నారు.

మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. తంతి పంపినవాడు మా తమ్ముడు. వాడు అమ్మ అని రాస్తే అది ఎవరో నాకు వేరే చెప్పక్కర్లేదు. మొగల్తూరులో మా కొన్నమ్మ పోయారు.

దీపం ముందు కాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. చెయ్యదలచుకున్నదంతా చేసి వెళ్ళిన మనిషి ఆవిడ. దణ్ణం పెట్టుకుని మూట కట్టుకున్నాను.

పిఠాపురంలో రైలెక్కి, నిడదవోలులో దిగి, కాలవ పడవలో నరసాపురం చేరి, అక్కడి నుంచి బండి మీద మొగల్తూరు వెళ్ళేసరికి దహనం అయిపోయింది. కొడుకులు కర్మకు కావలసినవి చూసుకుంటున్నారు. కొట్టు మూసి ఉంది. కొట్టు ముందు అరుగు మీద మాత్రం చోటు లేదు. తలపాగాల వాళ్ళు, కోట్ల వాళ్ళు, కళ్ళజోళ్ళ వాళ్ళు. ఒకరు ప్లీడరు, ఒకరు కాలవల మీద ఓవర్సీరు, ఒకరు ఆసుపత్రిలో డాక్టరు గారి కింద పనిచేసేవారు, బడిపంతుళ్ళు చాలామంది. అందరూ సముద్రం ఒడ్డున మా జాలర్ల పాలెం పిల్లలే. ఎవరో లోపలి నుంచి కుర్చీలు తెచ్చి వేశారు. ఒక్కరూ కూర్చోలేదు. చిన్నప్పుడు కూర్చున్న ఆ అరుగు మీదే కూర్చున్నారు.

ఈ పత్రిక చదివే అమ్మలకు ఆవిడ ఎవరో తెలియదు. తెలియాలని రాస్తున్నాను.

మా ఇంట్లో నేను పెద్దదాన్ని. నా తర్వాత పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోయారు. నాకు పన్నెండేళ్ళప్పుడు మళ్ళీ మగపిల్లాడు పుడితే, మా అమ్మ వాడి ముఖం తేరిపార చూడటానికి కూడా భయపడింది. అటువంటి బిడ్డను మన వైపు ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఇంకొకరికి అమ్మేస్తారు. కొన్నవాళ్ళు చేటలో తవుడు పోసి ఇస్తారు. బిడ్డ వాళ్ళదైపోతుంది. పెంచమని మళ్ళీ కన్నవాళ్ళ చేతుల్లోనే పెడతారు. మృత్యువు వచ్చి ఈ ఇంట్లో బిడ్డ ఎవరిదని అడిగితే, ఆ ఇంటిది కాదని వినపడాలి. అదీ నమ్మకం. దానికొక కట్టుబాటు ఉంది. పిల్లవాడు పెద్దవాడై తన సంపాదన తాను తినేదాకా కన్నతల్లీ తండ్రీ నలుగురిలో వాణ్ణి నా కొడుకు అనకూడదు.

కొనేవాళ్ళు కడుపు చల్లగా ఉన్నవాళ్ళై ఉండాలి. మొగల్తూరు బజారులో సెట్టిగారి కొట్టు ఉండేది. ఉప్పు, బెల్లం, చింతపండు, మా వలలకు కావలసిన నూలు అక్కడే కొనేవాళ్ళం. సెట్టిగారి భార్యకు పుట్టిన పిల్లలందరూ నిక్షేపంగా ఉన్నారు. మా అమ్మ పొత్తిళ్ళలో బిడ్డను పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, వాళ్ళ పెరటి గుమ్మం దగ్గర నిలబడింది.

ఆవిడ అప్పటికి పాతికేళ్ళ మనిషి. సంగతి విని చేట తెచ్చారు. తవుడు పోస్తూ పోస్తూ ఆపలేదు. అంచులు దాటి కింద పడుతున్నా పోస్తున్నారు. సెట్టిగారు లోపలి నుంచి చూసి, పిల్లాణ్ణి కొంటున్నావా గేదెను కొంటున్నావా అన్నారు.

"బేరమాడితే ఆయుష్షు తగ్గుతుందండి. మీరు కొట్లోకి పదండి" అన్నారు ఆవిడ.

తర్వాత రెండు చేతులూ చాచి వాణ్ణి అందుకున్నారు. ఆ రోజుల్లో బజారు ఇళ్ళవాళ్ళు మా పిల్లల్ని అలా అందుకునేవాళ్ళు కాదు. మేము వెళ్ళాక స్నానం చేశారేమో నాకు తెలియదు. చేసినా మాకు కనబడనివ్వలేదు. కాసేపు ఒళ్ళో ఉంచుకుని, నా బిడ్డను మీ దగ్గర ఉంచుతున్నాను, జాగ్రత్త అని అమ్మకు అప్పజెప్పారు. తవుడుకు కొన్నాం కాబట్టి తవిటయ్య అని పేరు కూడా ఆవిడే పెట్టారు.

ఇటువంటి కొనుగోళ్ళు సాయంత్రానికి మరచిపోతారు. మహా అయితే ఏడాదికి ఒక కొత్త చొక్కా ఇస్తారు. ఆవిడ మరచిపోలేదు. వాడికి అయిదేళ్ళు రాగానే మా నాన్నకు కబురు పెట్టారు. నా బిడ్డను బడిలో వేస్తున్నాను అన్నారు. మా నాన్న గతుక్కుమన్నాడు. నాలుగేళ్ళు పోతే తెప్ప మీద చేతికింద పనికొస్తాడని ఆయన లెక్క.

"మా పిల్లలకి బడెందుకండి సెట్టెమ్మగారూ" అన్నాడు.

"మీ పిల్లాడి సంగతి నేనెక్కడ మాట్లాడాను? నా పిల్లాడి సంగతి చెబుతున్నాను. మీరు అమ్మలేదా, నేను కొనలేదా? కొన్న సరుకుకి పురుగు పట్టనిస్తే వర్తకుల ఇంట పుట్టి ఏం లాభం?"

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. అమ్మలేదు అనడానికి ఆయనకు నోరు రాదు కదా. ఇంటికి వచ్చి అమ్మతో, సముద్రంలో సుడి దాటొచ్చుగాని ఆవిడ దగ్గర మాట దాటలేం అన్నాడు.

వాణ్ణి బడికి తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. బడి వదిలేదాకా కొన్నమ్మ గారి పెరట్లో కూర్చుని వల అల్లుకునేదాన్ని. వాడు కొన్నమ్మ అని పిలుస్తుంటే నాకూ అదే అలవాటైంది. ఊరికే కూర్చోవడం ఆవిడకు కిట్టదు. వల అల్లుతున్నా సరే, చేతులు పనిలో ఉన్నాయి, కళ్ళు ఖాళీగా ఉన్నాయి అనేవారు. ఇసుక పరిచి అక్షరాలు రాసి నా ఎదుట పెట్టేవారు. కొట్టు పద్దులు చూసుకునే ఆడమనిషి ఆవిడ. అక్షరం గుండ్రంగా లేకపోతే ఒప్పుకునేవారు కాదు. అడ్డదిడ్డంగా రాస్తే, ఇది అక్షరమా, ఎండ్రకాయ నడిచిన దారా అనేవారు.

తమ్ముడు మిడిల్ స్కూలుకు వచ్చేసరికి నాకు పెళ్ళీ అయింది, కాపురమూ అయిపోయింది. నా భర్త వెళ్ళిన తెప్ప తిరిగి రాలేదు. నేను పుట్టింటికి వచ్చేశాను. నా తిండి నేను సంపాదించుకోవాలని, కొన్నమ్మ గారి పెరట్లో వడ్లు దంపేదాన్ని. ఆవిడ నన్ను ఓదార్చలేదు. పక్కన కూర్చుని రెండో రోకలి తాము వేశారు.

ఆ రోజుల్లోనే ఒక జమీందారు గారు తమ తల్లిగారి పేరు మీద విద్యార్థి వేతనాలకు నిధి పెట్టారు. బీదవాళ్ళ పిల్లలు మిడిల్ స్కూలులో ఉండగానే పేరు రాయించుకోవాలి. ఆ తర్వాత మానకుండా చదివి మెట్రిక్యులేషన్ గట్టెక్కితే, రాజమండ్రి కాలేజీలో ఫీజు, పుస్తకాలు, భోజనం ఆ నిధి చూసుకుంటుంది. మిడిల్ స్కూలు దాటిపోయాక వచ్చి అడిగితే ఇవ్వరు. పేర్లు తీసుకోవడానికి ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. హెడ్‌మాస్టరు గారు బడిలో ఈ సంగతి చెప్పారు. పిల్లలు ఇళ్ళకొచ్చి చెప్పారు. పాలెంలో ఒక్కరూ కదల్లేదు.

కారణం భయం. కాకినాడ రేవులో బర్మా వెళ్ళే రంగం ఓడలకు కూలీలను ఎక్కించే మేస్త్రీలు కూడా ముందు పేరే అడుగుతారు. మా పాలెంలో అలా పేరు చెప్పి వెళ్ళినవాళ్ళున్నారు. మళ్ళీ కనబడలేదు. పేరు రాయించుకుంటే పిల్లాణ్ణి పట్టుకుపోతారని అందరూ గట్టిగా నమ్మారు.

కొన్నమ్మ గారు ఎవరి గుమ్మం తొక్కి ఎరగరు. బజారు ఇల్లాలు పాలెం వెళ్ళడం ఆ రోజుల్లో లేదు. కాని పాలెం అంతా ఉప్పుకు ఆవిడ దగ్గరికే రావాలి. ఉప్పు తూచి తక్కెడ పైకెత్తి పట్టుకునేవారు. కింద కొంగు పట్టి నిలబడిన మనిషిని, మీవాడి పేరు రాయించావా అని అడిగేవారు. జవాబు వచ్చేదాకా తక్కెడ వంచేవారు కాదు.

"ఉప్పు పొయ్యండి సెట్టెమ్మగారూ, పొయ్యి మీద కూరుంది" అనేవాళ్ళు.

"పోస్తాను. మీవాడి పేరు చెప్పు."

"మా ఆయన్నడగాలండి."

"అడిగిరా. తక్కెడ ఇక్కడే ఉంటుంది."

అలా తక్కెడ గాలిలో ఉండగానే కొందరు ఒప్పుకున్నారు. ఇంకా జంకుతున్నవాళ్ళ కోసం ఆవిడ ఒక పని చేశారు. సెట్టిగారు సరుకుకు రాజమండ్రి వెళ్తుంటే, పాలెంలో ఇద్దరు పెద్దమనుషులను పడవలో వెంట పంపారు. కాలేజీని కళ్ళతో చూసి రమ్మన్నారు. వాళ్ళు తిరిగొచ్చి రేవులో అందరినీ కూడేసి చెప్పారు. ఇటిక కట్టడమే, ఓడ కాదు. కుర్రాళ్ళు తిరుగుతున్నారు, కాళ్ళకి గొలుసుల్లేవు. "సముద్రం కనపడదు గాని గోదారి కనపడుద్ది. నీళ్ళ పక్కనే ఉంటారు, పర్లేదు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. ఆ మాటతో ఇంకో ఇద్దరు తండ్రులు సరే అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు నేను పెరట్లో వడ్లు దంపుతున్నాను. అమ్మా నాన్నా తమ్ముణ్ణి తీసుకుని బడికి వెళ్ళారు. మధ్యాహ్నం కాకముందే అమ్మ ఏడుస్తూ పెరట్లోకి వచ్చి పడింది. వెనక తమ్ముడు, ముఖం నల్లగా చేసుకుని.

జరిగింది ఇది. వరండాలో ఒక్కొక్క పిల్లవాణ్ణీ పిలిచి ఎవరి అబ్బాయివని అడుగుతున్నారు. మావాడు పుట్టిన దగ్గర నుంచి నేర్చుకున్న జవాబే చెప్పాడు. సెట్టెమ్మగారి బిడ్డనండి అన్నాడు. గుమాస్తా రాయబోయి ఆగాడు. కొట్టున్న వర్తకుడి కొడుకు బీదవాడెలా అవుతాడు అన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు మా అమ్మను, వీడు నీ కొడుకు కాదా అని అడిగారు. నలుగురూ చూస్తున్నారు. అమ్మ నోట ఆ మాట రాదు. కాదండి, సెట్టెమ్మగారి బిడ్డే, మేం పెంచుతున్నామంతే అంది. నాన్న నేల చూశాడు. డబ్బున్నవాళ్ళు బీదల సొమ్ము కోసం ఆడుతున్న నాటకమని ఇన్‌స్పెక్టరు గారికి కోపం వచ్చింది. పేరు కొట్టేయమన్నారు. హెడ్‌మాస్టరు గారు ఏదో చెప్పబోతే వినలేదు. మరుసటి ఏడాదికి మావాడు మిడిల్ స్కూలు దాటిపోతాడు. ఇక కాలేజీ లేదు.

"నేను వెళ్ళి, వాడు నా బిడ్డ కాదని చెప్పి వస్తాను. నిజమేగా" అన్నారు కొన్నమ్మ గారు.

అమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకుంది. "వద్దండి. నేను కాదని, మీరూ కాదంటే వాడు ఎవరి బిడ్డవుతాడండి? చదువు పోతే పోనివ్వండి. ప్రాణముంటే తెప్పేసుకుని బతుకుతాడు."

తమ్ముడు ఏడవలేదు. స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. వాడి చదువూ వాడి ప్రాణమూ రెండు వైపులా లాగుతున్నాయి. మా అమ్మ నమ్మకాన్ని పిచ్చి అని ఒక్క మాటతో తీసిపారేసే హక్కు కొన్నమ్మ గారికి ఉంది. ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు లేదు. ఆవిడ అలా అనలేదు. అమ్మను లేవదీసి అరుగు మీద కూర్చోబెట్టారు. నేను కళ్ళు మూసుకుని గంగమ్మ తల్లిని తలచుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ నా రోటి పక్కన కుప్ప చూస్తున్నారు.

"ఆ తవుడెవరిదే పెద్దమ్మాయ్?"

"నాదేనండి."

దంపినవాళ్ళకే తవుడు. అది ఊరందరికీ తెలిసిన రివాజు.

"అయితే చేటకెత్తు. ఇవాళ నువ్వు బేరం చెయ్యాలి. పెళ్ళై ఇంటిపేరు మారినదానివి, నువ్వూ వేరే ఇంటి మనిషివే."

ఆవిడ బజారు వీధిలో ఎండవేళ నడవడం ఆ రోజే చూశాను. ముందు ఆవిడ, వెనక చేటతో నేను, నా వెనక అమ్మ, తమ్ముడు. సెట్టిగారు ఏం జరుగుతోందో తెలియక గొడుగు పట్టుకుని పరుగున వచ్చి ఆవిడ నెత్తిన పట్టారు.

ఇన్‌స్పెక్టరు గారు బండెక్కబోతున్నారు. ఆవిడ పరాయి మగవాళ్ళతో మాట్లాడరు. వరండా స్తంభం చాటున నిలబడి హెడ్‌మాస్టరు గారితో అన్నారు. "మేష్టారూ, ఆ పిల్లాణ్ణి ఒకప్పుడు తవుడు పోసి నేను కొన్నమాట నిజమని వారితో చెప్పండి. ఇప్పుడు అమ్మేస్తున్నానని కూడా చెప్పండి. కొనేమనిషిని తెచ్చాను."

ఇన్‌స్పెక్టరు గారు రెండడుగుల దూరంలోనే ఉన్నారు. తెలుగువారే. అయినా మర్యాద కొద్దీ ఆయనా హెడ్‌మాస్టరు గారి వైపే తిరిగారు. "ఇది బడి, సంత కాదని ఆవిడతో చెప్పండి."

"కాసేపే సంత. తర్వాత బడేనని చెప్పండి."

ఇద్దరికీ మధ్య హెడ్‌మాస్టరు గారు అటూ ఇటూ తల తిప్పుతున్నారు. సెట్టిగారు గొడుగు మడిచి, ఇంక లాభం లేదని మెట్ల మీద కూర్చున్నారు.

ఆవిడ కొంగు పట్టారు. నేను చేటలో ఉన్నదంతా పోశాను. "అమ్మాను. ఇవాళ్టి నుంచి వీడు నీ బిడ్డ" అన్నారు. అంతే. బేరం అయిపోయింది.

ఇన్‌స్పెక్టరు గారు బండి వదిలి వెనక్కి వచ్చారు. మా అమ్మను దగ్గరకు పిలిచారు. "ఇప్పుడు చెప్పు. ఈ పిల్లవాడు ఎవరివాడు?"

అమ్మ ఈసారి తల ఎత్తే చెప్పింది. "మా పెద్దదానిదండి."

"ఆమె ఏం చేస్తుంది?"

"వలలల్లుద్దండి. వడ్లు దంపుద్దండి."

"భర్త?"

"సముద్రం తీసుకుందండి."

ఆయన చెయ్యి తెలియకుండానే తన ముక్కు మీదికి వెళ్ళింది. అప్పుడు గమనించాను. కుడివైపు చిన్న మచ్చ ఉంది, ఎప్పుడో కుట్టి పూడిపోయిన రంధ్రం. బిడ్డలు నిలవని ఇళ్ళలో మగపిల్లలకైనా సరే ముక్కు కుట్టిస్తారు. ఆయనా అటువంటి తల్లి కన్న బిడ్డే. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. బల్ల దగ్గరకు తిరిగి వెళ్ళి కూర్చున్నారు.

"సంరక్షకురాలు, అక్క. బీదరాలు. ఇంతవరకు నేను రాయగలను. తవుడు సంగతి రాయనని ఆవిడతో చెప్పండి" అన్నారు.

గుమాస్తా నా ముందుకు వేలిముద్ర సిరా జరిపాడు. నేను కలం అడిగాను. నా పేరు రాశాను. స్తంభం చాటు నుంచి ఆవిడ గొంతు వినపడింది. "మేష్టారూ, గుండ్రంగా ఉందో లేదో వారిని చూడమనండి."

ఆయన చూశారు. నవ్వారు. ఇంత చక్కగా రాసేవాళ్ళు ఆడపిల్లల బడులకు దొరకడం లేదని హెడ్‌మాస్టరు గారితో అన్నారు. ఆ మాటను ఆవిడ గాలికి పోనివ్వలేదు. తమ్ముడు పై చదువుకు వెళ్ళగానే నన్ను పంతులమ్మ పరీక్షకు కూర్చోబెట్టారు. ఇవాళ పిఠాపురంలో ఆడపిల్లలకు ఓనమాలు దిద్దిస్తున్నానంటే అది ఆవిడ చలవే.

ఆ రోజు నుంచి కొన్నమ్మ గారు మరో అలవాటు చేసుకున్నారు. పేర్లు తీసుకునే రోజులు దగ్గరపడుతుంటే, సాయంత్రాలు పాలెం పిల్లల్నీ తల్లుల్నీ అరుగు మీదికి రప్పించేవారు. బెల్లం బస్తా మీద తాము ఇన్‌స్పెక్టరులా కూర్చునేవారు. గొంతు మార్చి, నీ పేరేంటి, మీ నాన్నేం చేస్తాడు, ఎందుకు చదువుతావు అని అడిగేవారు. నేల చూపులు చూస్తే కుదరదు. గొణిగితే కుదరదు.

"మీ నాన్న అలల మీద కేకేస్తే ఒడ్డుకి వినపడుద్ది. నీకేంట్రా, బస్తా దాకా కూడా రావట్లేదు" అనేవారు. పిల్లలు నవ్వేవాళ్ళు. గొంతు లేచేది. బాగా చెప్పినవాడికి బెల్లం ముక్క. చెప్పలేకపోయినవాడికి ఇంకా పెద్ద ముక్క, గొంతుకు బలం కోసం. తవుడు పిల్లలు ఇంకెవరైనా ఉన్నారా అని ముందే కనుక్కునేవారు. ఉంటే, బీదరాలైన మేనత్తకో పెద్దమ్మకో ముందుగానే మార్పించేసేవారు.

బజారులో నలుగురూ నాలుగు మాటలు అన్నారు. మీ అరుగంతా చేపల వాసన పట్టిందమ్మా అని పక్కింటావిడ ఒకసారి ఎత్తిపొడిచారు. "బెల్లం వాసనకి చీమలొస్తాయి వదినా. ఈ వాసనకి ప్లీడర్లొస్తారు, చూస్తూ ఉండండి" అన్నారు ఈవిడ. ఆ పక్కింటావిడే తర్వాత పొలం తగాదాకు మా పాలెం ప్లీడరు దగ్గరకు వెళ్ళారు. ఈవిడ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మేమే ఎత్తి నవ్వుకునేవాళ్ళం.

అందరూ గట్టెక్కారని చెప్పను. ఒక కుర్రవాడు రాజమండ్రిలో ఆరు నెలలుండి, అలల చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదని తిరిగొచ్చేశాడు. తలవంచుకుని కొట్టుకు వచ్చాడు. ఆవిడ కోప్పడలేదు. ఎంత నూలు కావాలని అడిగారు. వాడి తెప్ప ఒడ్డుకు రాగానే చేపలు కొనే దళారి లెక్కలు వాడే సరిచూసేవాడు. పాలెంలో ఎవరినీ మోసం చెయ్యనివ్వలేదు. చదువు ఎక్కడికీ పోదు, ఉప్పులా కరిగి కనపడకుండా ఉంటుందంతే అనేవారు ఆవిడ.

పోయినేడు చూడటానికి వెళ్ళాను. కళ్ళు మసకబారాయి. అరుగు మీద కూర్చుని, నా చేతులు తడిమి, సుద్ద పట్టుకుంటున్నావా ఇంకా అన్నారు. ఈ ఏడు మన పాలెం నుంచి ఎవరెవరు వెళ్తున్నారని అడిగారు. నేను పేర్లు చెబుతుంటే పెదవులు కదిలాయి. విష్ణుసహస్రం చదువుకున్నట్టు ఆ పేర్లు మెల్లగా తిరిగి చెప్పుకున్నారు. ఒక పేరు చెప్పేసరికి ఆగి, ఇది ఆడపిల్ల పేరులా ఉందే అన్నారు. అవునండి, ఆడపిల్లే అన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఇన్ని జ్ఞాపకాల్లో నాకు తరచూ మెదిలేది ఇంకొకటి ఉంది. తమ్ముడు బి.ఏ. ప్యాసై, ఉద్యోగపు ఉత్తర్వు చేత పట్టుకుని, మొదటి నెల జీతంతో మాకు బట్టలు కొనుక్కుని ఇంటికి వస్తున్నాడు. మా పాలెం నుంచి అంత దూరం చదివినవాడు అంతకుముందు లేడు. నరసాపురం రేవుకు పాలెం సగం వచ్చింది. కొన్నమ్మ గారు కూడా బండి కట్టించుకుని వచ్చారు. పడవ ఒడ్డు పట్టింది. వాడు దిగాడు. అందరూ ఒక్కసారి మూగారు. ఎవరో పొరుగూరి మనిషి, పడవలో వచ్చినాయన, ఈ కుర్రాడు ఎవరబ్బాయండి అని మా అమ్మనే అడిగాడు.

అమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ అలవాటు. నా వైపు తిరిగింది. వాడిప్పుడు నావాడు కదా, నన్నడగాలి.

"పెద్దమ్మాయ్, ఇక అనొచ్చా?" అంది మెల్లగా.

వాడు తన సంపాదన తింటున్నాడమ్మా, అనుకో అన్నాను.

"నా కొడుకండి" అంది మా అమ్మ. గట్టిగా కూడా అనలేదు. ఆ ముసలి చేతులు వాడి కోటు గుండీలు తడుముతున్నాయి. మళ్ళీ అంది. మళ్ళీ అంది. అడిగినాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు.

నేను కొన్నమ్మ గారి కోసం చూశాను. ఆవిడ మాకు కొంచెం ఎడంగా జరిగి, కాలవ గట్టు మీద నిలబడి ఉన్నారు. మా వైపు చూడటం లేదు. పడవ లాగినవాళ్ళు తడిసిన తాడు చుట్ట చుట్టుకుంటుంటే, చాలా ముఖ్యమైన పనేదో జరుగుతున్నట్టు, అటే చూస్తున్నారు. ఎండ ఆవిడ ముఖం మీద పడుతోంది. తాడు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళు చుట్టడం పూర్తయ్యేదాకా ఆవిడ ఇటు తిరగలేదు.